మన పిల్లల ఎదుగుదల ఏ వీధిలో ఆగింది?

2018 నుండి ఏటా సెప్టెంబర్ వస్తే పోషణ మాసం అంటున్నారు. అంగన్‌వాడీ ముందు ముగ్గులేస్తారు. పళ్లెంలో ఆకుకూరలు, గుడ్లు, పప్పులు పేర్చి ఫొటో తీస్తారు. పిల్లల చేతికి అట్టలిచ్చి ర్యాలీ తీయిస్తారు. ఆఫీసర్లు వచ్చి మాట్లాడి పోతారు. వాళ్లు చెప్పేది ప్రతిసారీ ఒకటే: పేద తల్లులకు అవగాహన లేదు, అందుకే పిల్లలు ఎదగడం లేదు.

ఇది మన తల్లుల మీద వేసే నింద. బిడ్డ ఆకలి ఏ తల్లికి తెలీదు? మేం ఆఫీసర్లను ఎదురు ప్రశ్న అడుగుతున్నాం. మీరు ఫొటో దిగిన ఆ అంగన్‌వాడీ ఏ వీధిలో ఉంది? అందులో వంట ఎవరు చేస్తున్నారు? మాదిగ పిల్లను ఎత్తుకుని తూకం వేసే చెయ్యి అక్కడ ఉందా? ఈ మూడింటికీ జవాబు చెప్పి తర్వాత అవగాహన గురించి మాట్లాడండి.

తల్లి కడుపులో పడ్డనాటి నుండి 18 ఏళ్లు నిండేదాకా ప్రతి వయసుకీ సర్కారు దగ్గర ఒక పథకమో చట్టమో ఉంది. కాగితం మీద లోటు లేదు. కానీ ప్రతి పథకం చిరునామా ఊళ్లో ఉంది, మన పిల్లలు వాడలో ఉన్నారు. మధ్యలో ఉన్నది అరమైలు దూరమే కావచ్చు, ఆ అరమైలు పొడుగునా కులం ఉంది. మన పిల్లల ఎదుగుదల ఆగిపోతున్నది అక్కడ.

ముందు ఎదుగుదల అంటే ఏంటో చూద్దాం. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తగ్గకూడదు. ఐదో నెలకి ఆ బరువు రెట్టింపు కావాలి, ఏడాదికి మూడింతలు కావాలి. గర్భంలో 270 రోజులు, పుట్టాక రెండేళ్లు 730 రోజులు, కలిపి వెయ్యి రోజులు. మెదడు అన్నిటికన్నా వేగంగా పెరిగేది ఈ వెయ్యి రోజుల్లోనే. ఈ రోజుల్లో కుంగిన పిల్ల తర్వాత ఎంత తిన్నా ఆ లోటు పూర్తిగా పూడడం కష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 31 మంది, తెలంగాణలో 33 మంది. రక్తం తక్కువున్న పిల్లలు ఆంధ్రలో నూటికి 63 మంది, తెలంగాణలో 70 మంది. దేశం మొత్తం మీద షెడ్యూల్డ్ కులాల, తెగల పిల్లల్లో గిడసబారినవాళ్లు మిగతా కులాలకన్నా ఎక్కువని ఆ సర్వేనే చెప్పింది. అవగాహన లేకపోవడమే కారణమైతే అది కులం చూసి ఎందుకొస్తుంది?

కడుపులో ఉన్నప్పటి సంగతి తీసుకుందాం. ఏడో నెల గర్భంతో నాటు వేస్తున్నది ఎవరు? కలుపు తీస్తున్నది, ఇటుక మోస్తున్నది ఎవరు? పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి, ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్లు కూడా పట్టకూడదు అని డాక్టర్లు చెబుతారు. నిజమే, శాస్త్రం అదే. మరి ఆ ఆరు నెలలూ ఆ తల్లి ఇంట్లో కూచుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? 2017లో చట్టం సవరించి నెలజీతపు ఉద్యోగినికి 26 వారాల జీతంతో సెలవిచ్చారు. మంచిదే. కూలితల్లికి? 2013 ఆహార భద్రత చట్టం 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంటే, 2017లో కేంద్రం పెట్టిన పథకం తొలి కాన్పుకు 5,000 అంది. ఉద్యోగినికి ఆరు నెలల జీతం, కూలితల్లికి ఐదు వేలు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ లేచి సమర్థించారు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశానికే మేలు, ఆ ఖర్చులో ప్రభుత్వానికీ వంతుండాలి అన్నారు. దగ్గర దగ్గర నూరేళ్లవుతోంది. కూలితల్లి ఇంకా మూడో వారానికే చేలోకి దిగుతోంది.

తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్యలక్ష్మి మొదలుపెట్టారు. గర్భిణికీ బాలింతకీ రోజూ ఒక పూట నిండు భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, నెలకు 30 గుడ్లు. పథకం మంచిదని మేమూ అంటాం. కానీ భోజనం కేంద్రానికి పోయి తినాలి. పొద్దున్నే చేలోకి దిగిన మనిషి మిట్టమధ్యాహ్నం పని వదిలి, బురదకాళ్లతో పెద్దోళ్ల వీధిలోకి పోయి, వాళ్ల ఆడవాళ్ల పక్కన కూచుని తినగలదా? కూచోనిస్తారా? పోలేకపోతే రిజిస్టర్లో మాత్రం తిన్నట్టే ఉంటుంది.

ఇక అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న దేశంలో 33 బ్లాకుల్లో ఈ పథకం మొదలైంది. దీన్ని పెట్టిందే గర్భిణి, బాలింత, ఆరేళ్లలోపు పిల్లల కోసం. మూడేళ్ల బిడ్డ తనంతట తాను ఎంత దూరం నడవగలడు? తల్లి కూలికి పోయింది, అన్న బడికి పోయాడు. అంగన్‌వాడీ ఊరి నడుమ రామాలయం పక్కనో, ఏ పెద్దమనిషి ఇంటి వరండాలోనో ఉంటే ఆ బిడ్డ అక్కడికి చేరేదెట్లా? ఎట్లాగో చేరినా దూరంగా కూచోబెట్టి, పైనుండి వడ్డించి, తూకం వెయ్యకుండానే చార్టులో ఒక అంకె గీస్తే ఆ బిడ్డ కుంగిపోతున్న సంగతి ఎవరికి తెలుస్తుంది? చార్టులో పచ్చగీత మీదున్న పిల్ల ఇంట్లో ఎముకలు తేలి ఉంటుంది.

ఇక్కడ ప్రతి వాడా కంఠస్థం చెయ్యాల్సిన మాట ఒకటుంది. తిండి హక్కు కోసం పౌరహక్కుల ప్రజాసంఘం 2001లో సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కేసులో 2006 డిసెంబర్ 13న కోర్టు ఏం చెప్పిందంటే, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లె ఏదైనా సరే, అడిగిన మూడు నెలల్లోగా అక్కడ అంగన్‌వాడీ పెట్టాలి. కేంద్రాలు పెట్టేటప్పుడు ఎస్.సి., ఎస్.టి. వాడలకు మొదటి వరస ఇవ్వాలని కూడా అదే కేసులో చెప్పింది. ఇది ఎవరి దయా కాదు. ఎన్ని వాడలకు ఈ సంగతి తెలుసు? తెలియకుండా ఉంచినవాళ్లే మనకు అవగాహన లేదంటున్నారు!

తల్లి చేలో ఉన్నప్పుడు పసిబిడ్డ ఎవరి దగ్గర ఉంటాడు? ఏడేళ్ల అక్క దగ్గర. అక్క చదువు పోయింది, తమ్ముడి భద్రతా పోయింది. ఏడేళ్ల పిల్ల తమ్ముణ్ణి ఆడించగలదు గానీ కుంటలో పడకుండా ఎంతసేపు కాపలా కాయగలదు? మూతలేని బావి, ఊరికోసం మన్ను తవ్వి వదిలేసిన గుంత, ఎండిపోయాక పూడ్చని బోరు, గుడిసె మూలన పెట్టిన పురుగుమందు డబ్బా, కిందికే ఉన్న పొయ్యి మీద మరిగే గంజి, ఇవన్నీ వాడ పిల్లల చుట్టూ ఉన్నాయి. వాడిపారేసిన బోర్లు పూడ్చాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లను చూసుకోను ఒక మనిషిని కూలిచ్చి పెట్టాలని 2005 ఉపాధి హామీ చట్టం రాసింది. ఆ చట్టం నడిచినన్నాళ్లూ ఎన్ని పనుల దగ్గర ఆ మనిషి కనపడింది? బిడ్డ పోయాక విధిరాత అంటారు. అది విధి కాదు, కాపలా మనిషికివ్వని ఒక కూలి.

నీళ్ల సంగతి. తిన్న తిండి ఒంటికి పట్టాలంటే తాగే నీళ్లు బాగుండాలి. మురికినీళ్లు తాగిన పిల్లకి విరేచనాలు తగ్గవు, పురుగులు తగ్గవు, తిన్నది తిన్నట్టే పోతుంది. కారంచేడు మంటలు ఎక్కడ రాజుకున్నాయి? మంచినీళ్ల చెరువు గట్టు మీద. గేదెలకు కుడితి పెట్టిన బకెట్టు తాగేనీళ్లలో కడుగుతుంటే ఇదేంటని అడిగిన మాదిగ కుర్రవాణ్ణి కొట్టారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డం నిలబడింది. మర్నాడు, 1985 జూలై 17న, వాడ మీద పడి ఆరుగురు మాదిగలను చంపారు. తాగేనీళ్లు శుభ్రంగా ఉండాలన్నందుకు ప్రాణాలిచ్చిన జాతి మనది. మనకు శుభ్రత గురించి ఉపన్యాసాలా?

తిండి దగ్గరా ఇదే పెత్తనం. రక్తం పట్టాలంటే ఇనుము కావాలి. ఆకుకూరల్లో ఇనుము ఉంది, కానీ మాంసంలోని ఇనుము ఒంటికి పట్టినంత తేలిగ్గా ఆకుకూరల్లోది పట్టదు. ఇది వైద్యశాస్త్రం. మన అవ్వలు పెద్దకూర వండి, మిగిలింది తునకలు కోసి ఎండబెట్టి, వానాకాలం పూట గడిపారు. ఆ తిండిని నీచమన్నారు. తిన్నవాణ్ణి అంటరానివాడన్నారు. ఇప్పుడు తినకుండా కాపలా కాస్తున్నారు. గుడ్డు మీద కూడా వాళ్లకు కోపమే. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీలో గుడ్డు పెట్టేది లేదన్నాడు. తాను తినడు కాబట్టి కూలోడి బిడ్డా తినకూడదట! మన రెండు రాష్ట్రాల్లో గుడ్డు ఇస్తున్నారంటే అది నిలబెట్టుకోవాల్సిన విషయం. చిన్నసైజు గుడ్డు, కుళ్లిన గుడ్డు, వారానికి రెండు ఎగ్గొట్టిన గుడ్డు, ఇవి లెక్క అడగాల్సిన విషయాలు.

బడికొస్తే మధ్యాహ్న భోజనం. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండిన అన్నం పెట్టాలంది, మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. 2004 ఏప్రిల్ 20న అదే కోర్టు వంటమనుషుల నియామకంలో దళితులకు, ఎస్.సి., ఎస్.టి.లకు ప్రాధాన్యం ఇవ్వాలంది. ఎందుకంది? వండే చెయ్యి మనదైతేనే మన పిల్ల పళ్లెం ఖాళీగా తిరిగి రాదని. ఊరి పిల్లలు ఆ చేతి అన్నం తింటేనే అంటరానితనం పుట్టకుండా ఆగుతుందని. ఐదు రాష్ట్రాల్లో 531 ఊళ్లలో చేసిన సర్వేను సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ 2005లో అచ్చేశారు. దళిత వంటమనిషి ఉన్న ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు సగం తేలితే, రాజస్థాన్‌లో నూటికి పది కూడా తేలలేదు. తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత ఇక్కడ ఉద్యమం నడిచింది. అడిగేవాళ్లున్న చోట అన్నం కూడా సరిగ్గా ఉడుకుతుంది. ఇందులో మనకు గర్వమూ ఉంది, పాఠమూ ఉంది. మిగతా సగం ఊళ్ల సంగతేంటి?

అంబేద్కర్ చిన్నప్పుడు గోనెపట్టా ఇంటినుండి తెచ్చుకుని తరగతిలో వేరుగా కూచున్నారు. బడి ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు, ప్యూను రాని రోజు దాహమే. ఈనాడు గోనెపట్టా లేదు. కానీ బడి ఊడ్చే వంతు, మరుగుదొడ్డి కడిగే వంతు ఏ పిల్లలకొస్తున్నది? పిల్లకు బరువూ ఎత్తూ ఉంటే చాలదు, తలెత్తి చూసే చూపు కూడా పెరగాలి. అవమానం తింటూ పెరిగిన పిల్లకి ఏ చార్టులోనూ చోటు లేదు.

బడి మానేసిన పిల్ల ఎక్కడికి పోతుంది? మగపిల్లవాడైతే పశువుల దగ్గర జీతానికి, ఆడపిల్లయితే పత్తి విత్తనాల చేలో క్రాసింగు పనికి. కర్నూలు, మహబూబ్‌నగర్ చేలల్లో ఎన్ని వేల ఆడపిల్లలు పొద్దున్నుండి పొద్దుగూకేదాకా పురుగుమందు గాలిలో వంగి పూలు గిల్లారో 1990ల నుండీ లోకానికి తెలుసు. పొట్టిగా ఉంటారు, చేతులు చిన్నవి, కూలి తక్కువ అని వాళ్లను ఎంచుకున్నారు. వాళ్ల ఎదగనితనమే వాళ్ల అర్హత అయింది! 1986 చట్టాన్ని 2016లో సవరించి 14 ఏళ్లలోపు పని నిషేధం అంటూనే, బడి అయ్యాక కుటుంబ పనిలో సాయం చెయ్యొచ్చని కంత పెట్టారు. భూమి లేని మనకు కుటుంబ పని అంటే ఏది? అప్పు తీరేదాకా ఇంకొకడి చేలో ఇంటిల్లిపాదీ చేసే చాకిరే.

పదేళ్లు దాటాక పిల్లలు మళ్లీ ఒకసారి వేగంగా ఎదుగుతారు. ఆడపిల్లకి బహిష్టు మొదలవుతుంది, రక్తం పోతుంది, ఇనుము ఇంకా ఎక్కువ కావాలి. 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 60కి తగ్గలేదు. సరిగ్గా ఆ వయసులోనే పెళ్లి చేస్తున్నాం. 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మంది అని ఆ సర్వేలోనే ఉంది. రక్తం లేని పిల్ల కడుపున రెండు కిలోల బిడ్డ. చక్రం మళ్లీ మొదటికొచ్చింది. జోగిని ఆచారాన్ని 1988 చట్టం నిషేధించింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందే భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో మన పిల్లలకు బళ్లు పెడుతూ, ఆ ఆచారం మీద పోరాడారు. బడీ, ఆడపిల్ల భద్రతా రెండూ ఒకటే పని అని ఆయనకు అప్పుడే తెలుసు.

హాస్టళ్లు, గురుకులాలు మన పిల్లల్ని చేరదీశాయి, కాదనం. మనలో చదువుకున్నవాళ్లు చాలామంది ఆ అన్నం తిన్నవాళ్లే. అందుకే ఆ అన్నం గురించి గట్టిగా అడిగే హక్కు మనదే. కలుషితాహారం తిని పిల్లలు ఆసుపత్రి పాలయ్యారన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక వార్డెన్‌ను సస్పెండు చేసి చేతులు దులుపుకుంటున్నారు. రాత్రిపూట కాపలా లేదు, తలుపుకు గడియ లేదు, జ్వరమొస్తే నర్సు లేదు. మన ఆడపిల్ల మీద చెయ్యేస్తే ఊరి పెద్దలు పంచాయితీ పెట్టి డబ్బు మాట్లాడతారు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద అఘాయిత్యం సంగతి తెలిసినవాడు పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెట్టడం నేరం. నిందితుడు పై కులంవాడైతే 1989 అత్యాచారాల నిరోధక చట్టం కూడా పెట్టించాలి. పంచాయితీలో డబ్బు తీసుకుంటే బిడ్డకు ధర కట్టినట్టే.

ఊరి తప్పులు చెప్పి మన తప్పులు దాస్తే ఈ పత్రికకు విలువ ఉండదు. కొడుక్కి గుడ్డు, కూతురికి పులుసు పెట్టే ఇళ్లు మన వాడలోనూ ఉన్నాయి. కూలిడబ్బు సారా కొట్టుకిచ్చి పిల్లకు పాలు లేవనే తండ్రులున్నారు. బాధ్యత తీరిపోతుందని పదహారేళ్లకే తాళి కట్టిస్తున్నది మన చేతులే. మాల వాడలో అంగన్‌వాడీ వస్తే మాదిగ పిల్ల పోదు, మాదిగ వాడలో వస్తే మాల పిల్ల పోదు. ఊరోడు నేర్పిన ఈ రోగాన్ని పిల్లల పళ్లెం దాకా తెచ్చుకుంటే మనకు అంబేద్కర్ పేరెత్తే అర్హత లేదు.

కాబట్టి ఈ పక్షం రోజుల్లో ప్రతి వాడలో సంఘం చెయ్యాల్సిన పని ఇది.

ఒకటి, ఇల్లిల్లూ తిరిగి ఆరేళ్లలోపు పిల్లల పేర్లు, వయసు రాయండి. 40 మంది ఉండి అంగన్‌వాడీ లేకపోతే తల్లుల సంతకాలు, వేలిముద్రలతో సి.డి.పి.ఓ.కి అర్జీ ఇవ్వండి. సుప్రీంకోర్టు చెప్పిన తేదీ అందులో రాయండి. రశీదు తీసుకోండి. మూడు నెలలు లెక్కపెట్టండి.

రెండు, అంగన్‌వాడీ ఉంటే నెలకోసారి నలుగురు తల్లులు పోయి పిల్లల తూకం కళ్లారా చూడండి. బిడ్డ జబ్బ కొలిచే టేపు అక్కడ ఉంటుంది, కొలవమని అడగండి. ఆర్నెల్లు దాటి ఐదేళ్లలోపున్న బిడ్డ జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే అది ప్రమాదం, ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. టీకాల కార్డు చూడండి. అక్కడి కార్యకర్త, ఆయా మీద కేకలేసి రాకండి. వాళ్లూ చాలీచాలని జీతంతో బతికే ఆడవాళ్లే. 2023-24లో ఆంధ్రలో 42 రోజులు సమ్మె చేస్తేగాని వాళ్ల గోడు ఎవరికీ వినపడలేదు.

మూడు, బళ్లో వంటమనిషి ఎవరో, పిల్లలు ఎట్లా కూచుంటున్నారో, మరుగుదొడ్డి ఎవరు కడుగుతున్నారో కనుక్కోండి. వివక్ష ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి.

నాలుగు, వాడలోని బావులు, బోర్లు, గుంతల జాబితా పంచాయితీకి ఇచ్చి మూతలు వేయించండి. పురుగుమందు డబ్బా పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి, ఖాళీ డబ్బాలో నీళ్లు పట్టకండి.

ఐదు, బడి మానిన పిల్ల, పెళ్లి కుదిరిన చిన్నపిల్ల, జీతానికి పోయిన పిల్లవాడు ఎవరున్నా సంఘం ముందు పెట్టండి. 1098కి ఫోన్ చెయ్యడం ప్రతి పిల్లకూ నేర్పండి.

ఇవేమీ విప్లవాలు కావని కొందరు అనొచ్చు. గుడ్డు, తూకం, బావిమూత, ఇవా ఉద్యమం అనొచ్చు. చెరువులో నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ 1927లో మహద్‌లో వేల మందిని నడిపించారు. దోసెడు నీళ్ల కోసం చేసింది ఉద్యమమైతే మన బిడ్డ రెండు కిలోల నుండి మూడు కిలోలకు పెరగడం కోసం చేసేదీ ఉద్యమమే. కుంగిన ఒంటితో, మందగించిన బుర్రతో మన పిల్లలు పెరగాలన్నదే మనువు కోరిక. కూలికి సరిపడా బలం, ఎదురు తిరగడానికి చాలని బలం వాళ్లకు కావాలి. మన పిల్లలు నిండుగా ఎదిగితే ఆ లెక్క తప్పుతుంది.

అర్జీ ఎక్కడెక్కడ ఇచ్చారో, జవాబు ఏం వచ్చిందో మాకు రాయండి. వచ్చే సంచికల్లో వాడ పేరుతో సహా అచ్చేస్తాం.

జై భీమ్!